పౌరసత్వ ప్రమాణం చేసిన తెలుగువాళ్లకు

కెనడాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు



ఈమధ్య మన ఉగాది, బతుకమ్మ వేడుకలు మొదలయ్యే ముందు ఎవరో ఒకరు మైకు దగ్గరకొచ్చి, ఈ నేల ఫలానా మూలవాసులదని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చదువుతున్నారు. మంచి పనే. చదవడం అయిపోగానే జ్యోతి వెలిగిస్తాం. పిల్లల పాటలు, డాన్సులు, ఆ తర్వాత భోజనాలు. ఇప్పుడే పేరు చదివిన ఆ జనం మన హాలుకు కాస్త దూరంలోనే బతుకుతున్నారనీ, ఊరికి కొత్తగా వచ్చిన తమవాళ్లను ఆదుకోవడానికి వాళ్లకూ సంఘాలున్నాయనీ, వాటికి మనం చేయగలిగింది ఉందనీ మన సభల్లో ఎవరూ అనగా నేను వినలేదు. ఆ మాట మీ ముందు పెట్టడానికే ఈ లేఖ.

మనలో పౌరసత్వం తీసుకున్నవాళ్లంతా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాం. 2021 జూన్ 21న ఆ ప్రమాణం మారింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజల మూలవాసీ హక్కులనూ ఒడంబడికల హక్కులనూ ఈ దేశ రాజ్యాంగం గుర్తించి ధ్రువీకరిస్తోందన్న మాట అందులో చేరింది. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో చేసిన 94 సిఫార్సుల్లో చిట్టచివరిది ఇదే. దానికి ముందున్న 93వది కూడా మన సంగతే: కొత్తగా వచ్చే వలసదారులకు ఇచ్చే సమాచారంలో మూలవాసులతో కుదిరిన ఒడంబడికల గురించి, ఆ స్కూళ్ల గురించి చెప్పమంది. అమ్మానాన్నల దగ్గర్నుంచి లాక్కుపోయిన లక్షన్నర మంది పిల్లల కథను వేలమంది నోట విన్న కమిషన్, తన చివరి రెండు మాటలను మనలాగా బయటి నుంచి వచ్చేవాళ్ల కోసం దాచి ఉంచింది. దాన్ని లాంఛనంగా తీసుకోవడం నాకు చేతకావడం లేదు.

నేనుండేది విన్నిపెగ్‌లో. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ నగర ప్రాంతంలో 1,02,080 మంది మూలవాసులున్నారు. కెనడాలో ఏ నగరంలోనూ ఇంతమంది లేరు. దేశం మొత్తం మీద 18 లక్షల మంది మూలవాసులుంటే అందులో 8 లక్షలకు పైగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. మన ఊహలో మాత్రం వాళ్లు ఎక్కడో ఉత్తరాన, వాళ్లకు కేటాయించిన రిజర్వుల్లో, మంచులో ఉంటారు. పక్క వీధిలో, మన పిల్లల బడిలో, బస్సులో మన ముందు సీటులో ఉన్న మనిషిని మనం ఆ లెక్కలో వేసుకోం.

వాళ్లు నగరానికి ఎందుకొచ్చారో ఒక్కసారి చూడండి. 1885 తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, రిజర్వు దాటి బయటికి వెళ్లాలంటే ఇండియన్ ఏజెంటు అనే ప్రభుత్వ అధికారి దగ్గర పాసు రాయించుకోవాల్సి వచ్చేది. ఆ నిబంధన ఏ చట్టంలోనూ లేదు, అయినా అమలు చేశారు. ఆ కట్టు సడలాక చదువు కోసం, ఆసుపత్రి కోసం, పని కోసం జనం నగరాలకు రావడం మొదలైంది. ఆడవాళ్ల కథ ఇంకోలా ఉంటుంది. ఇండియన్ యాక్ట్ ప్రకారం స్టేటస్, అంటే ఆ చట్టం ఇచ్చే గుర్తింపు, లేని మగవాణ్ణి పెళ్లి చేసుకున్న స్త్రీ తన స్టేటస్‌ను, దాంతోపాటు పుట్టిన రిజర్వులో ఉండే హక్కును పోగొట్టుకునేది. ఆమె అన్నదమ్ములకు మాత్రం ఆ బాధ లేదు. 1985లో చట్టం మార్చేదాకా ఇదే తీరు. పెళ్లి చేసుకున్నందుకు పుట్టిల్లు మూసుకుపోయిన ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి విన్నిపెగ్ నార్త్ ఎండ్‌లోనో, వాంకూవర్ ఈస్ట్‌సైడ్‌లోనో గది వెతుక్కున్నారు. మనం వీసా స్టాంపు వేయించుకుని, ఇష్టపడి వచ్చాం. ఈ రెండు రాకలూ ఒకటి కావు.

అలా వచ్చినవాళ్లను మొదట ఆదుకుంది ప్రభుత్వం కాదు, వాళ్లలో వాళ్లే. 1950ల్లో టొరంటోలో, వాంకూవర్‌లో, విన్నిపెగ్‌లో కొందరు కూడి చిన్న క్లబ్బులు పెట్టుకున్నారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు గది చూపించడం, పని దొరికే చోటు చెప్పడం, వారానికోసారి కలిసి తినడం. విన్నిపెగ్‌లో ఇండియన్ అండ్ మేటీ ఫ్రెండ్‌షిప్ సెంటర్ 1959లో మొదలైంది. 1972కల్లా ఇవి ఎంతగా పెరిగాయంటే, దేశస్థాయిలో వాటికో జాతీయ సంఘం ఏర్పడింది, ఫెడరల్ ప్రభుత్వం కూడా వాటికి నిధులిచ్చే పథకం పెట్టింది. ఇప్పుడు దేశమంతటా వందకు పైగా ఫ్రెండ్‌షిప్ సెంటర్లున్నాయి.

వాటిలో జరిగే పనులు చూస్తే మీకు కొత్తగా ఏమీ అనిపించదు. మనం మన విద్యార్థుల కోసం చేసేవే చాలావరకు. పుట్టిన సర్టిఫికెట్ తెప్పించడం, స్టేటస్ కార్డు కాగితాలు నింపడం, అద్దె ఇల్లు వెతికిపెట్టడం, కోర్టు వాయిదాకు తోడు వెళ్లడం, చంటిపిల్లల తల్లులకు పాలు, కూరగాయలు, నాలుగు మంచి మాటలు. పిల్లలకు బడయ్యాక హోంవర్కు, క్రీ భాషో ఒజిబ్వే భాషో నేర్పే తరగతి. ఎల్డర్లు అని వాళ్లు గౌరవంగా పిలుచుకునే పెద్దలు వచ్చి కూర్చుంటారు. డ్రమ్ము చుట్టూ పాటలు పాడతారు. స్కూలుకు వెళ్లే వయసు రాని పిల్లలకు 1995 నుంచి అబోరిజినల్ హెడ్ స్టార్ట్ అనే పథకం కింద నగరాల్లో కూడా ప్రీస్కూళ్లు నడుస్తున్నాయి. సొంత భాషలో పాట నేర్పి, అక్కడే కడుపునిండా పెట్టి, తల్లిదండ్రులను కూడా బడిలోకి రానిచ్చే బడులు. పిల్లల్ని బడి పేరుతో పోగొట్టుకున్న ఇళ్లలో ఆ తలుపు తెరిచి ఉండటం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి మీరు కాస్త ఓపికగా వినాలి. మన సంఘాలకు విమానాశ్రయం పికప్ ఒక గర్వకారణం. ఇరవై రెండేళ్ల కుర్రాడు జనవరి చలిలో దిగితే, జాకెట్టు తీసుకుని ఎవరో ఒకరు ఎదురెళ్తారు. ఇప్పుడు ఇంకోవైపు చూడండి. ఉత్తర ఒంటారియోలో విమానం తప్ప దారి లేని ఫస్ట్ నేషన్స్ ఊళ్లున్నాయి. అక్కడ చాలాచోట్ల హైస్కూలు లేదు. పధ్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు ఇల్లు విడిచి థండర్ బే వచ్చి, తెలియని ఇళ్లలో బోర్డర్లుగా ఉండి చదువుకుంటారు. 2000 నుంచి 2011 మధ్య అలా వచ్చినవాళ్లలో ఏడుగురు చనిపోయారు. ఐదుగురి శవాలు ఆ ఊరి నదీజలాల్లో దొరికాయి. వాళ్ల మరణాల మీద జరిగిన ఇన్‌క్వెస్ట్‌లో జ్యూరీ 2016లో 145 సిఫార్సులు చేసింది. ఆ పిల్లలు తమ దేశంలోనే, తమ పూర్వీకుల నేలమీదే పరాయివాళ్లుగా దిగారు. మన పిల్లాడికి ఎదురెళ్లే మనుషులున్నట్టు వాళ్లకీ చాలినంతమంది ఉండాల్సింది. ఫ్రెండ్‌షిప్ సెంటర్ ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

ప్రభుత్వం లేదా, అది చూసుకోదా అంటారు. నగరంలోని మూలవాసికి చిక్కంతా అక్కడే. 1867 రాజ్యాంగం మూలవాసుల బాధ్యతను ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆరోగ్యం, చదువు, శిశు సంక్షేమం రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. మా బాధ్యత రిజర్వు సరిహద్దు దాకానే అని ఫెడరల్ ప్రభుత్వం, వీళ్లు ఫెడరల్ మనుషులని రాష్ట్రం. మధ్యలో మనిషి. నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డన్ రివర్ ఆండర్సన్ 1999లో క్లిష్టమైన జబ్బుతో పుట్టాడు. రెండేళ్ల వయసులో ఇంటి వాతావరణంలోకి పంపొచ్చని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో చేసే సేవల ఖర్చు ఎవరు భరించాలని రెండు ప్రభుత్వాలు రెండేళ్లకు పైగా వాదులాడుకున్నాయి. 2005లో, ఐదేళ్ల వయసులో, ఒక్కరోజు కూడా తన కుటుంబం ఉండే ఇంట్లో గడపకుండానే ఆ బాబు విన్నిపెగ్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ముందు పిల్లాడికి కావలసింది ఇవ్వండి, డబ్బు తగాదా తర్వాత తేల్చుకోండి అనే నియమానికి అతని పేరే పెట్టారు. 2007 డిసెంబరులో పార్లమెంటు దిగువసభ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. రిజర్వులో ఉన్నా, నగరంలో ఉన్నా ఫస్ట్ నేషన్స్ పిల్లలందరికీ అది వర్తిస్తుందని మానవహక్కుల ట్రైబ్యునల్ తర్వాత తేల్చి చెప్పాల్సి వచ్చింది. ఒక అమ్మ ఈ కాగితాల అడవిలో దారి వెతుక్కోవాలంటే పక్కన కూర్చుని ఫారం నింపే మనిషి కావాలి. ఆ మనిషి చాలాసార్లు ఇలాంటి కేంద్రంలోనే దొరుకుతుంది.

మన ఇళ్లలో తరచుగా వినబడే మాట ఒకటుంది. రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాను. "వాళ్లకన్నీ ఫ్రీ. ట్యాక్సు లేదు. మనం కడితే వాళ్లు తింటారు." కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు సిన్ నంబరు, బ్యాంకు ఖాతాతో పాటు ఈ మాటను కూడా అప్పగిస్తున్నారు. ఇది అబద్ధం. రిజర్వులో ఉన్న ఆస్తికి, అక్కడ సంపాదించిన ఆదాయానికి మాత్రమే ఇండియన్ యాక్ట్ పన్ను మినహాయింపు ఇస్తుంది, అదీ స్టేటస్ ఉన్న ఫస్ట్ నేషన్స్ వాళ్లకే. డౌన్‌టౌన్ ఆఫీసులో పనిచేసే క్రీ అమ్మాయి జీతంలోంచి మనకు కోసినట్టే ఆదాయపు పన్ను కోస్తారు. మేటీలకు, ఇన్యూట్‌లకు ఆ మినహాయింపు అసలే లేదు. ఇక ఒడంబడిక డబ్బు. విన్నిపెగ్ నగరం ఉన్న నేల 1871 ఆగస్టు 3న లోయర్ ఫోర్ట్ గారీ దగ్గర జరిగిన ఒకటో ఒడంబడిక కిందిది. దాని ప్రకారం తలకు ఏడాదికి మూడు డాలర్లు ఇస్తామన్నారు, 1875లో ఐదు చేశారు. ఈరోజుకీ ఐదే. ఏడాదికి ఐదు డాలర్లు. దక్షిణ మానిటోబాలో ఇంతటి నేలకు ఇంకా అదే లెక్క.

విన్నిపెగ్ వాళ్లం తాగే నీళ్ల సంగతి కూడా వినండి. 1919 నుంచి మా కుళాయిల్లోకి షోల్ లేక్ సరస్సు నీళ్లు కాలువలో వస్తున్నాయి. ఆ కాలువ కోసం షోల్ లేక్ 40 ఫస్ట్ నేషన్ భూమిని తీసుకున్నారు, తవ్వకాల వల్ల ఆ ఊరు ఒక దీవిలా తెగిపోయింది. అదే సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరివాళ్లు 1997 నుంచి 2021 దాకా, ఇరవై నాలుగేళ్లు, కుళాయి నీళ్లు మరగబెట్టకుండా తాగలేకపోయారు. ఊరికి రోడ్డు 2019లో వచ్చింది. మనం కడితే వాళ్లు తింటున్నారన్న మాట వినబడినప్పుడు, ఆ మాటన్న ఇంట్లో పిల్లలు తాగుతున్న గ్లాసు వైపు చూడమని పెద్దలు చెప్పాలి. చెప్పాల్సిన పెద్దలు మీరే.

పిల్లల సంగతి చెప్పకుండా కుటుంబాలకు అండ అన్న మాటకు అర్థం లేదు. 2021 లెక్కల్లో కెనడాలో పద్నాలుగేళ్లు, అంతకులోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతం. అదే వయసులో, ఫోస్టర్ సంరక్షణలో ఉన్న పిల్లల్లో వాళ్లు 53.8 శాతం. మానిటోబాలో అయితే సంరక్షణలో ఉన్న పిల్లల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వాళ్లే. 2020 జూలై 1 దాకా ఇక్కడ బర్త్ అలర్ట్ అనే పద్ధతి ఉండేది. కాన్పుకు వచ్చిన తల్లి పేరు మీద ముందే గుర్తు పెట్టి, బిడ్డ పుట్టగానే ఆసుపత్రి సంక్షేమ శాఖకు కబురు చేసేది. చాలా సందర్భాల్లో బిడ్డను తీసుకెళ్లడానికి అసలు కారణం పేదరికం: ఇరుకు ఇల్లు, ఖాళీ ఫ్రిజ్. విన్నిపెగ్‌లో మా మావి వి చి ఇటాటా సెంటర్ 1984లో మూలవాసులు తామే పెట్టుకున్న సంస్థ. బిడ్డను తీసుకెళ్లడమా వద్దా అనే చోట వాళ్లు అమ్మమ్మను, మేనమామలను, చుట్టుపక్కల పెద్దలను ఒకచోట కూర్చోబెట్టి, ఈ బిడ్డను మన మధ్యే ఎలా ఉంచుకుందాం అని మాట్లాడిస్తారు. ఇందులో మనకు అర్థంకానిది ఏముంది? మన ఊళ్లలో ఒక ఇంట్లో కష్టమొస్తే పిల్లల్ని పెద్దమ్మ తీసుకెళ్లేది. వాళ్లూ అలా బతికినవాళ్లే. ఆ దారిని చట్టం తెంచింది, వాళ్లు మళ్లీ ముడివేసుకుంటున్నారు.

ఇప్పుడు మన ఉద్యోగాల గురించి. మనవాళ్లు ఈ నగరాల్లో నర్సులు, హెల్త్ కేర్ ఎయిడ్‌లు, సెక్యూరిటీ గార్డులు, కిరాణా కౌంటర్ల వెనక నిలబడేవాళ్లు, టాక్సీ, బస్సు నడిపేవాళ్లు. మూలవాసులకు రోజూ ఎదురయ్యే మొహాలు మనవే. 2008 సెప్టెంబరులో బ్రయన్ సింక్లెయిర్ అనే 45 ఏళ్ల మూలవాసి, రెండు కాళ్లూ లేని మనిషి, క్లినిక్ రాసిచ్చిన కాగితంతో విన్నిపెగ్ హెల్త్ సైన్సెస్ సెంటర్ ఎమర్జెన్సీకి వచ్చాడు. వీల్‌చైర్‌లో 34 గంటలు కూర్చుని, మామూలుగా నయమయ్యే ఇన్‌ఫెక్షన్‌తో అక్కడే చనిపోయాడు. ఎవరూ వైద్యం చేయలేదు. తాగి ఉన్నాడనో, చలికి తలదాచుకోడానికి వచ్చాడనో అనుకున్నారు. ఆ గదిలో ఎవరెవరున్నారన్నది నా ప్రశ్న కాదు. రేపు అలాంటి గదిలో డ్యూటీలో ఉండబోయేది మన పిల్లలు. వాళ్లు వచ్చిన మొదటి వారంలో మన వాట్సాప్ గ్రూపులో చదివింది "ఆ ఏరియాకు వెళ్లకండి, అక్కడ నేటివ్స్ ఉంటారు" అన్న ఒక్క ముక్కే అయితే, వీల్‌చైర్‌లోని మనిషిని వాళ్లు ఏ కళ్లతో చూస్తారు?

ఇంకా కష్టమైన మాట. మనలో చాలామంది రెండో ఇల్లు కొని అద్దెకిస్తున్నారు. "మనవాళ్లకే ఇస్తాం" అంటాం, అది అభిమానం అనుకుంటాం. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లు చూడటానికి వచ్చిన ఒజిబ్వే తల్లికి అదే మాట తలుపు మూసిన చప్పుడు. పూర్వీకుల మూలాన్ని బట్టి అద్దెకు నిరాకరించడం మానిటోబా మానవహక్కుల చట్టం ప్రకారం నేరుగా వివక్ష. చట్టం సంగతి అటుంచండి. ఇల్లు లేదన్న ఒక్క కారణంతో సంరక్షణ నుంచి తిరిగి రాలేని పిల్లలున్న ఊరిలో, మన చేతిలో తాళాలున్నాయి. ఈ లేఖలో మీరు ఒక్క పేరా మాత్రమే సభ్యులకు చదివి వినిపించదలుచుకుంటే, ఇది చదవండి.

మనం వచ్చిన చోట కూడా ఈ అలవాటు ఉందని ఒప్పుకోవాలి. ఆదిలాబాద్ గోండులను, నల్లమల చెంచులను పలకరించకుండానే మనలో ఎక్కువమంది హైదరాబాదులో చదివి, విమానం ఎక్కేశాం. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ అన్న పేరు పేపర్లో చదివాం తప్ప అక్కడి హాస్టలు గడప తొక్కలేదు. ఇక్కడికొచ్చాక ఆ చూపు మారదు, మనం పనిగట్టుకుని మార్చుకుంటే తప్ప.

అందుకే అడుగుతున్నాను. మీ నగరంలోని ఫ్రెండ్‌షిప్ సెంటర్‌కు, లేదా కుటుంబాలతో పనిచేసే మూలవాసీ సంస్థకు ముందుగా ఒక ఉత్తరం రాయండి. మీకు ఏం కావాలి, మేం ఏ రోజు వస్తే ఉపయోగం అని అడగండి. బ్యానరు, ఫొటోగ్రాఫరు వద్దు. వాళ్ల వంటగదిలో గిన్నెలు తోమమంటే తోమాలి, పిల్లలకు లెక్కలు చెప్పమంటే చెప్పాలి, ప్రస్తుతానికి ఎవరూ వద్దంటే ఊరుకుని, డబ్బు పంపాలి. ఇలాంటి సంస్థలకు వచ్చే నిధుల్లో ఎక్కువభాగం ప్రాజెక్టుకింత, ఇంత గడువు అని వస్తాయి. మార్చి నెలాఖరులో నిధి ఆగితే ఏప్రిల్లో పనిచేసే మనిషి ఉండదు. మన ఉగాది బడ్జెట్టులో ఒక వంతు ఏటేటా, ఏ షరతూ లేకుండా ఇస్తే అద్దెకో కరెంటుకో అక్కరకొస్తుంది. వేడుకలకు ఎంపీలను, ఎమ్మెల్యేలను పిలిచి శాలువాలు కప్పుతున్నాం కదా, ఆ వేదిక మీదే ఈ నిధుల సంగతి వాళ్లను అడగండి. వలసదారుల ఓటు వాళ్లకు కావాలి, మన ప్రశ్న వాళ్లు వింటారు.

విన్నిపెగ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. 2014 ఆగస్టులో సాగ్‌కీంగ్ ఫస్ట్ నేషన్‌కు చెందిన 15 ఏళ్ల టీనా ఫాంటెయిన్ శవం రెడ్ రివర్‌లో దొరికింది. ఆ అమ్మాయి అప్పటికి సంక్షేమ శాఖ సంరక్షణలోనే ఉంది. ఆ దుఃఖంలోంచి, 1990ల్లో నడిచి ఆగిపోయిన బేర్ క్లాన్ పెట్రోల్‌ను నార్త్ ఎండ్ వాసులు మళ్లీ లేపారు. ఆయుధాలు లేకుండా రాత్రిళ్లు వీధుల్లో నడుస్తూ, దారిలో ఉన్నవాళ్లకు తిండి, నీళ్లు ఇస్తూ, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరేలా చూస్తారు. ఏ జాతివాళ్లయినా వాళ్లతో నడవొచ్చు. మన కుర్రాళ్లను వెళ్లొద్దని హెచ్చరించే వీధులు అవే.

సెప్టెంబరు 30 సత్యం, సయోధ్యల జాతీయ దినం. కొన్ని ఏళ్లలో అది మన బతుకమ్మ రోజుల్లోనో, వాటికి దగ్గర్లోనో పడుతుంది. ఆ రోజున మనకు వేడుక ఉంటే ముందు పిల్లలకు, రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లల గుర్తుగా వేసుకునే ఆరెంజ్ చొక్కాలు వేసి, ఊళ్లో జరిగే స్మారక నడకకు తీసుకెళ్లండి, బతుకమ్మ సాయంత్రం ఆడుకుందాం. కొత్త విద్యార్థుల కోసం మీరు వేసే గైడులో ఫోన్ ప్లాన్లు, చలి జాకెట్ల పేజీల పక్కన ఒక పేజీ ఒడంబడికలకు, ఒక పేజీ మీ ఊరి ఫ్రెండ్‌షిప్ సెంటర్‌కు ఇవ్వండి. తెలుగులో రాయండి. ఇంగ్లీషులో చదివే నాలుగు వాక్యాలు మన అమ్మలకు, మామ్మలకు అర్థం కావడం లేదు. అవి కూడా ఇకనుంచి తెలుగులో చెప్పండి.

మీ తర్వాతి కార్యవర్గ సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టి, ఏం తీర్మానించారో మినిట్స్‌లో రాసి సభ్యులందరికీ పంపమని కోరుతున్నాను. అద్దె ఇళ్ల విషయం మాత్రం వాయిదా వేయకండి, చలికాలం వచ్చేలోపే మాట్లాడండి.

ఇట్లు,
విన్నిపెగ్ నుంచి,
మీ సంఘాల్లో ఒకదాని సభ్యురాలు